ఫోన్ చెయ్యమ్మా, చెప్తాను

సరోజక్కా,

ఈ రోజు కోలారులో మన సర్వే ఆఫీసు మూర్తిగారు రిటైరయ్యారు. శాలువా కప్పి, మైసూర్ పాక్ పంచాం. ఆవని వైపు ఊళ్ల పాత సర్వే పటాలు ఏ బీరువాలో ఉన్నాయని కొత్తమ్మాయి రుక్మిణి అడిగింది.

"ఫోన్ చెయ్యమ్మా, చెప్తాను. ఇంగ ఇప్పుడే అంతా చెప్పేస్తే నన్ను ఎవురు తలుచుకుంటారు?" అన్నారాయన. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నువ్వు రిటైరయ్యే ముందు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పావు. తర్వాత ఆఫీసు నుంచి నీకు ఒక్క ఫోనూ రాలేదు. బస్టాండులో కనబడితే, "రాలేదంటే పని జరగతా ఉండాదనే కదా" అన్నావు.

నువ్వు కన్నుమూసి ఏడాదైంది. సాయంత్రం నుంచి కుదురు లేక నీ నంబరు తీసి చూస్తూనే ఉన్నాను. అడగడానికి ఒక్క సందేహమైనా మిగల్చకుండా పోయావు కదక్కా.