ఎడమ నుంచి నాలుగోది

సోమవారం

నోరు విప్పకూడని పెద్దనాన్నకు, విప్పినా లాభం లేని తమ్ముడి కూతురి నమస్కారాలు.

గొంతు ఆపరేషన్ తర్వాత పొద్దుటి నడక తప్ప మీరు పదిహేను రోజులు ఇంట్లోనే, మౌనంగా ఉండాలట కదా. మీ అరుపుల్లేక మన బోర్డుల షాపు గోడలు ఊపిరి పీల్చుకుంటున్నాయి. మీరు కోరినట్టే రోజూ కబుర్లు రాసి, పెద్దమ్మ తెచ్చే క్యారియర్ సంచీలో పెడతాను. ఆసుపత్రి వాళ్ల అరవై బోర్డుల్లో పద్దెనిమిది డిజైన్ అయ్యాయి. వచ్చే వారం శనివారానికి అన్నీ ఇచ్చేస్తాం. ఏడాదిలో ఇది నా మూడో ఉద్యోగమని మర్చిపోలేదు. నాలుగోది వెతుక్కునే ఓపిక లేదు.

ఇట్లు,
తూనీగ

తా.క. డిజైన్ ప్రోగ్రామ్‌లో పైనున్న బటన్ల వరుస నాకు వీలుగా సర్దుకున్నాను. వాడనివి తీసేశాను. సొంతంగా ఒక బటన్ తయారుచేశాను కూడా. నొక్కితే ఫైల్లో ఉన్నదంతా తుడిచేసి, సేవ్ చేసి, ప్రోగ్రామ్ మూసేస్తుంది. చిత్తు పనికి భలే ఉంది!

మంగళవారం

చిరంజీవి తూనీగను ఆశీర్వదించాలో తిట్టాలో తెలియని పెద్దనాన్న రాయునది.

బటన్లు కదిపావా? నీకు చేతులెలా వచ్చాయే? పదకొండేళ్లుగా ఆ వరుస మీద ఈగను కూడా వాలనివ్వలేదు నేను! గోడలోంచి ఇటుకలు పీకి, ఇల్లు నిలబడుతుందనుకుంటున్నావా? ఈపాటికి ప్రోగ్రామ్ పడిపోయే ఉంటుంది, చూసుకో.

నీ పెద్దనాన్న

తా.క. లావుగా దిద్దిన అక్షరాలన్నీ అరుపులని గ్రహించు.

మంగళవారం, మధ్యాహ్నం

పెద్దనాన్నకు, తెల్లబోయిన తమ్ముడి కూతురి నమస్కారాలు.

మీకెలా తెలిసింది?! పొద్దున షట్టర్ ఎత్తి చూస్తే నేను తెరిచి వదిలిన ప్రోగ్రామ్ మూసి ఉంది. ఫైలు తెరిస్తే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. పద్దెనిమిది బోర్డులూ గల్లంతు! తాళం వేసింది నేనే, తీసిందీ నేనే. పోనీ దొంగ అనుకుందామంటే, బోర్డులు తుడిచేసి పోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

ప్రోగ్రామ్ కంపెనీకి రాశాను. బటన్లు ఎక్కడ పెట్టుకున్నా ప్రోగ్రామ్‌కి ఏమీ కాదట. ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకునే చిన్న చీటీ మాత్రమే మారుతుందట.

తూనీగ

తా.క. ఇకమీదట రోజూ పెన్‌డ్రైవ్‌లో కాపీ. అది నా మెడలోనే.

బుధవారం

తూనీగకు,

అమ్మినవాడు తన సరుకులో పగుళ్లున్నాయని చెబుతాడా? వెర్రిదానా! రేపటికల్లా వరుస యథాస్థానానికి రాకపోతే పాత డిజైనర్ నత్తను పిలిపిస్తాను. వాడు ఒక్క బోర్డుకి మూడు రోజులు తీసుకుంటాడు, నిజమే. కానీ ఒక్క బటన్ ముట్టుకోడు.

నీ పెద్దనాన్న

తా.క. ఇవాళ కూడా పడిపోయి ఉంటుంది. రాసిపెట్టుకో.

గురువారం

గెలిచిన పెద్దనాన్నకు, ఓడిన చదువు నమస్కారాలు.

నిన్న పొద్దున కూడా ఫైలు ఖాళీ. పెన్‌డ్రైవ్ లేకపోతే నేనూ ఖాళీ. నత్త మొహం తలచుకుని, సాయంత్రం వరుసంతా మీకున్నట్టే పెట్టేసి, నా బటన్ తీసేశాను. ఈ పొద్దున ప్రోగ్రామ్ నిక్షేపంగా నిలబడి ఉంది. బోర్డులన్నీ ఉన్నాయి! నాకు నోట మాట రావడం లేదు. మన కుటుంబానికి ఇదేదో అంటుకుంది.

తూనీగ

శుక్రవారం

బుద్ధి తెచ్చుకున్న తూనీగకు పెద్దనాన్న దీవెనలు.

ఇప్పటికైనా తెలిసిందా? కంపెనీకి ఒక ఉత్తరం పడేయి, మా పెద్దనాన్న దగ్గరికి పాఠానికి రమ్మని. కుర్చీ నీదే, నత్తకు కబురు పెట్టను.

నీ పెద్దనాన్న

తా.క. పన్నెండో బోర్డులో 'రక్త పరీక్ష' అక్షరాలు ఇరుక్కుని చచ్చేవి. ఇప్పుడు ఎడం ఎంత హాయిగా ఉందో చూడు.

శుక్రవారం, మధ్యాహ్నం

ఇంట్లోనే ఉన్న పెద్దనాన్నకు,

పన్నెండో బోర్డు నేను ఇంకా ప్రింటు తీయలేదు. ఎవరికీ చూపించలేదు. ఎడం నేను పెంచలేదు. కీబోర్డు కింద మీరు చప్పరించే గొంతు బిళ్ల కాగితం దొరికింది. షాపు రెండో తాళంచెవి మీ ఇంట్లో ఉంది. పొద్దున్నే నడకకని బయలుదేరి ఎక్కడిదాకా నడుస్తున్నారు?

పాత వరుసలో ఎడమ నుంచి నాలుగోది సేవ్. నా వరుసలో నాలుగోది ఏదో తెలుసా? అన్నీ తుడిచి మూసేసే బటన్!

తూనీగ

తా.క. నవ్వు ఆపుకోలేక షట్టర్ సగం దించి కూర్చున్నాను.

శనివారం

తల్లీ తూనీగా,

ఆ చీమతలకాయంత బొమ్మలు నాకెప్పుడు కనబడ్డాయి? పదకొండేళ్లుగా లెక్కపెట్టే నొక్కుతున్నాను. ఎవరైనా ఏం కదిపినా సేవ్‌ను కదుపుతారా అనుకున్నాను. నీ అక్షరాలు కాస్త సర్ది నొక్కేసరికి, రెండు రోజులూ నా కళ్లముందే తెర మాయమైపోయింది! పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. బటన్లు కదిపితే ప్రోగ్రామ్ పడిపోతుందని నేను కళ్లారా చూశానే! మీ పెద్దమ్మకు మాత్రం చెప్పకు. నీ వరుస నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో.

నీ పెద్దనాన్న

తా.క. అమ్మాయీ, నేను పెద్దమ్మను. సంచీ మోసేది నేనైతే ఉత్తరాలు చదవనా? ఇప్పుడు రెండో తాళంచెవి నా దగ్గరుంది, ఆయన నడక ఇక మేడ మీదే. తీసేశావు సరే, నొక్కగానే మూసేసే ఆ బటన్ పారెయ్యకు. ఆయన మౌనం వచ్చే వారంతో అయిపోతుంది.