డ్రైవరు పక్క సీటు

హిందూపురం

నాయనా, నాకు ఎడమ చెయ్యి బెణికింది, అంతే. అవ్వకు ఏడవొద్దని చెప్పు. ఫోను పగిలిపోయింది కాబట్టి కార్డు రాస్తున్నాను.

సోమవారం షిఫ్టు దిగి పెనుకొండలో నిలబడ్డాం. ఆటోలో వెనక ఒక్కరికే చోటున్నా డ్రైవరు "ఇంగొకరు పడతారు, నా పక్కకు రామ్మా" అన్నాడు. నాతో పనిచేసే పవిత్ర "బస్సొచ్చేసరికి పొద్దు పోతాది, పోదాం రా" అని నన్ను వెనక్కి ఎక్కించి, తను డ్రైవరు పక్కన సగం బయటికే కూర్చుంది. మలుపులో గొర్రెలు అడ్డం వచ్చి ఆటో బోల్తా పడింది. మమ్మల్ని తప్పించబోయి వెనకొచ్చే కారు వంతెన గోడకు గుద్దుకుంది. దాని ముందు భాగం నుజ్జయింది, కానీ బెల్టులు పట్టి ఆపాయి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. లోపలి భార్యాభర్తలు నడుచుకుంటూ దిగారు. పవిత్రను రోడ్డు మీద నుంచి ఎత్తింది వాళ్లే. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఆ కారు మా ఫ్యాక్టరీలో తయారైందే. మా లైనులో బెల్టులు బిగించేది పవిత్ర, లాగి చూసేది నేను.

చెల్లెలు రోజా ధర్మవరం కాలేజీకి ఇంకా ఆటోలోనే పోతోందా? గాలి తగులుతుందని డ్రైవరు పక్కనే కూర్చుంటుంది, నాకు తెలుసు. క్లాసు పోయినా సరే, బస్సే ఎక్కమను. చేన్లో చెనిక్కాయ పీకించావా? ఈసారి వచ్చేటప్పుడు పవిత్రను కూడా తీసుకురమ్మంది అవ్వ. ఆమెకు ఏం చెప్తావో నువ్వే చూడు.

అందరినీ అడిగానని చెప్పు. నేనిప్పుడు బస్సులోనే పోయి వస్తున్నాను. సీట్లో కూర్చోగానే చెయ్యి దానంతటదే భుజం దగ్గరికి పోయి, లేని బెల్టును వెతుకుతోంది.

నీ కూతురు,
కల్పన