వీరేందర్ మిషన్‌లో మూడో కార్డు

బావా, ఇందాక మీ తమ్ముడి క్రిప్టో నాణేలు సంపాదించే కంప్యూటర్ మిషన్‌లో మూడో గ్రాఫిక్స్ కార్డు స్క్రీన్ మీద కనిపించింది! ఒక్కదాన్నే గది మధ్యలో గంతులేశాను. అంతకుముందు కేబులు మార్చినా, స్లాటు మార్చినా ఆ కార్డు దగ్గరే మిషనంతా ఆగిపోయేది. విప్పి చూస్తే దాని ఫ్యాను రెక్కల నిండా గట్టిపడ్డ కుంకుమ. దసరాకి అత్త మిషనుకు పూజ చేసి చల్లిందే. బ్రష్షుతో దులిపాకే కనిపించింది. కానీ కాసేపు తిరిగి, వేడెక్కి మళ్లీ ఆగింది.

అందుకే దాన్ని తీసి పక్కన పెట్టాను. డ్యూటీ నుంచి రాగానే మళ్లీ తగిలించకు, మిగతావి నడవనీ. అన్నం మూత పెట్టి ఉంది. కుంకుమ మాట అత్త ముందు ఎత్తకు.

మిగతావి ఆన్ చేశాక ఫ్యాన్ల చప్పుడు వినగానే అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "వీరేందర్ వచ్చిండా?" అంది. మరుక్షణమే గుర్తొచ్చి, "గోదావరి తీస్కపాయె గదనే" అంటూ గడపలో కూలబడింది. కాసేపటికి చెవి ఒగ్గి విని, "ఒకటి తక్కువైంది. నా కొడుకు సప్పుడు గిట్ల ఉండదు" అంది.

ఆ చప్పుడు లేకపోతే తనకు నిద్ర పట్టదని అత్తే చెప్పింది, నువ్వు నాకెందుకు చెప్పలేదు బావా? డబ్బు కోసమే నడుపుతున్నావనుకున్నాను.

దుమ్ముగూడెం బస్సుకు టైమైంది. సాయంత్రం వచ్చేస్తా.

నీ అరుణ

రేపు నీకు ఆఫ్ కదా, ముగ్గురం ఖమ్మం పోయి కార్డుకు కొత్త ఫ్యాను వేయిద్దాం. దాన్ని సంచిలో పెట్టొద్దంటోంది అత్త. బస్సులో తనే ఒళ్లో పెట్టుకుంటుందట.