గ్యాస్కెట్‌కు పూసిన బంక

నాయినా,

నీ బిడ్డ మీద మోపిన నేరం ఇది: నడిచే పనికి అడ్డుపుల్ల వేసిందట. జవాబు నీకే రాస్తున్నాను. నీవు కన్నుమూశాక ఈ ఇంట్లో ఇంజన్ సంగతి అడగడానికి మరెవరూ లేరు.

తాండూరులో రేడియేటర్ నీళ్లు మరిగి మన లారీ ఇంజన్ పైమూత, అదే హెడ్డు, వంకరపోయింది. షెడ్డు మేస్త్రీ దాని అడుగు మొకాన్ని సమంగా సాపు చేయించకుండానే, నడుమ పెట్టే గ్యాస్కెట్‌కు రెండు వైపులా దట్టంగా బంక పూసి బిగించాడు. నీ మాటే అతనికి అప్పజెప్పాను: "మొకం సాపుగుంటె బంకెందుకు? సాపు లేకుంటె బంకేం జేస్తది?"

"కాలేజీల గెలిచిన నోరు గీడ నడ్వదు బిడ్డా," అని నీ తమ్ముడు, మా కాక, నవ్వాడు. "కొబ్బరికాయ గొట్టినంక హెడ్డు ఇప్పుతరా ఎవరన్న?"

కాలేజీ వాదన పోటీల్లో గెలిచిన నా మాటను అక్కడ ఎవరూ లెక్కచేయలేదు. రేపు అన్న ఈ లారీనే నడుపుతూ నాపరాళ్ల లోడుతో అనంతగిరి ఘాటు ఎక్కాలి. నడుమ బంక వదిలి సిలిండర్లోకి నీళ్లు దిగితే ఇంజన్ ఆగుతుంది, బండి వెనక్కి జారుతుంది. నా భయం తప్పే కావచ్చు నాయినా, తప్పయితేనే బాగుండును.

అయినా మేస్త్రీని, కాకను నిలబెట్టి చెప్పాను: "హెడ్డు ఇప్పుండ్రి. లేకుంటె రేపు మా అన్న పక్కకు మీరిద్దరు గూసొని ఘాటు ఎక్కుండ్రి."