ఎద్దులు ఆగిన చోట

చిన్నప్పా,

నా మాట విని పోయావా ఆ రోజు? పన్నెండేళ్లుగా నిన్ను ఇదే అడుగుతున్నాను.

పుంగనూరు పక్కన మన చెరువు ఈ ఏడు మళ్లీ ఎండింది. పైన పెచ్చు గట్టిపడింది, కింద బురద అలాగే ఉంది. ఈ ఉదయం మట్టి తోలడానికి వచ్చినవాళ్లు దాని మీద ట్రాక్టర్లతో పందెం వేసుకున్నారు. నాన్న కాలంలోలాగా ముందు ఎద్దులను నడిపించి, అవి మొరాయించిన చోటు వదిలేయమని చెప్పాను.

"యాలమ్మా భయం? ఇనుము మాదిరుండాది సూడు. ఎద్దులకేం తెలుస్తాది ట్రాక్టరు సంగతి?" అని రెడ్డెప్ప కొడుకు నవ్వాడు.

నేనూ అప్పుడు ఇదే అన్నాను. తిరుపతిలో ఎమ్మే చదివొచ్చిన గర్వంతో, నీ ముందే నాన్నను ఎగతాళి చేశాను. "అక్కా, సూస్తా ఉండు" అని నువ్వు కొత్త ట్రాక్టరును ఎద్దులు ఆగిన చోటు దాటించి వేగంగా పోనిచ్చావు. పెచ్చు పగిలింది. మేం తాళ్లు తెచ్చేసరికి స్టీరింగు కూడా కనిపించలేదు.

ఈ రోజు వాళ్లందరూ క్షేమంగా గట్టెక్కారు. ఇక రేపు నా మాట ఎవరు వింటారు?

నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు ఆగేవాడివా, ఎలాగైనా పోయేవాడివా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అక్క