చేబదులు మాత్రలు

నవంబరు 3, సోమవారం

ఫ్రిజ్ తలుపులో డబ్బీ లేదు. కొత్తిమీర ఉంది, పూల పొట్లం ఉంది, సగం కోసిన నిమ్మకాయ ఉంది. మాత్రల డబ్బీ లేదు.

బడి వదిలాక అత్తిముగంలో అక్క ఇంటికి వెళ్లిందే దానికోసం. పధ్నాలుగు నుంచి అక్కకు మళ్లీ నాలుగు రోజుల మందు మొదలవ్వాలి. అన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుందామని.

“కాంతమ్మకి బదులిచ్చినానులే” అంది అక్క, టమాటాలు ఏరుతూ. తల కూడా ఎత్తలేదు.

బదులు! శేరు బియ్యమా, గిన్నెడు చక్కెరా? ఎముక మజ్జలో క్యాన్సర్‌కు వేసుకునే మాత్రలు! ఇకముందు దొరకవని ఎవరో చెవిన వేస్తే, సెలవు పెట్టి తిరిగి, రెండు డబ్బీలు ఒకేసారి కొన్నాను. ఒకటి పోయినసారి అయిపోయింది. రెండోది ఈసారికి. అదీ ఈవిడ దానం చేసింది.

కాంతమ్మది మత్తూరు. కృష్ణగిరి డాక్టరు దగ్గర బెంచీ మీద అక్క పక్కన కూర్చునే మనిషి. అదే జబ్బు, అవే మాత్రలు. అంతే పరిచయం. ఇంటిపేరు కూడా తెలియదు.

“ఆమెకి ముందు, నాకు అప్పటికి ఇంకా నెలుండె కదా. గవర్మెంటు ఆస్పత్రిలో ఇచ్చినాక తెచ్చిస్తానన్నింది. మనిషి ఎదురుగా నిలబడి అడిగితే, ఇంట్లో పెట్టుకొని లేదనేదా?”

అనాలి. లేదనాలి. అక్కకు ఆ మాట నోట రాదు.

నవంబరు 4

మా హోసూరులో ఏడు మెడికల్ షాపులు. ఏడుగురూ చీటీ చదవకముందే తల అడ్డంగా ఊపారు. ఒకడు ఫోనులో ఆట ఆడుతూనే ఊపాడు.

బస్టాండు దగ్గరివాడు మాత్రం గొంతు తగ్గించాడు. “ఒగటి తెప్పిస్తాను మేడమ్. అయితే దాంతోపాటు ఈ బలం పౌడర్ నాలుగు డబ్బాలు తీసుకోవాల.” డబ్బా మీద కండలు చూపిస్తున్న కుర్రవాడి బొమ్మ. అక్కకు అరవై రెండు. సరే అన్నాను, ఏం చేయను. వాడు లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. “అది లేదంట మేడమ్. పౌడర్ మాత్రం ప్యాక్ చేసేదా?”

ఛీ.

నవంబరు 5

బెంగళూరు పోయి వచ్చాను. లేదు. రానూపోనూ నిలబడే.

నవంబరు 7, శుక్రవారం

కృష్ణగిరి. డాక్టరు మంచివాడే, కానీ అలసిపోయాడు. రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదట. వారాలు ఆగితే మాత్రం జబ్బు మళ్లీ లేస్తుందట. ఇంజెక్షన్ ఉంది, వారం వారం బెంగళూరు పోవాలి, దాని ధర విన్నాక ఇంకేం అడగలేదు.

జబ్బు లేవడమంటే ఏమిటో నాకు తెలుసు. మొదట్లో అక్క నడుము నొప్పితో మంచం మీద పక్కకు తిరగలేక, తెల్లచీర అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎనిమిది నెలలు నేనే తిప్పాను. ఈ మాత్రలు వచ్చాకే లేచి తోటకు పోయింది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. నన్ను ఎత్తుకుని తిరిగిన నడుము అది.

లిఫ్టు పక్కన ఒకడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. చీటీ నా చేతిలో చూసి తనే వచ్చాడు. మాత్రలున్నాయన్నాడు, ధర నాలుగింతలు చెప్పాడు. “ప్రాణం కంటే ఎక్కువా మేడమ్?” — అంటున్నప్పుడు వాడి చూపు నా గాజుల మీద ఉంది. డబ్బీ చూపించమన్నాను. చూపించాడు. గడువు తేదీ ఉన్నచోట చెరిపేసి ఉంది, మూత మీద టేపు. ఇదేమిటంటే నవ్వాడు. సిగ్గుపడి నవ్వితే బాగుండేది.

తిట్టి వచ్చేశాను. కానీ వాడి నంబరు నా ఫోనులో ఉంది. తీసేయలేదు. అది నాకు ఇంకా రోత పుట్టిస్తోంది.

నవంబరు 8

చిన్నాన్న అక్కను చూడ్డానికి వచ్చాడు. గాడిదపాలు మంచివట. కలబంద మంచిదట. “ఈ ఇంగ్లీషు మాత్రలంతా విషమమ్మా” అన్నాడు, తన షుగరు మాత్ర నోట్లో వేసుకుని. అక్క “సరే చిన్నాయనా” అని నీళ్లు అందించింది. నేను పెరట్లోకి వెళ్లిపోయాను, లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్ని.

నవంబరు 9, ఆదివారం

మత్తూరు. అక్కకు చెప్పకుండా.

డబ్బీ అడిగి తెచ్చుకుందామని. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను — ఎలా తీసుకున్నారు, ఏ ధైర్యంతో తీసుకున్నారు, మీకు అక్కచెల్లెళ్లు లేరా... కాంతమ్మ వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూడగానే లేవబోయి, గోడ పట్టుకుని, సగంలో ఆగింది. అక్క కంటే సన్నం.

“రా టీచరమ్మా. మీ అక్క డబ్బీ తిరిగి ఇయ్యలేక, ఫోన్ గూడా చేయలేక ఉండాను. ఆస్పత్రిలో ఇదో వస్తాది, అదో వస్తాది అంటా ఉండారు. ఆడ గూడా లేదంట.”

మందు ఆమె వేసుకుంది. వేసుకోవడానికే కదా తీసుకుంది. డోసు తక్కువ కాబట్టి అయిదు మిగిలాయి. లోపలికి పోయి తెచ్చి, డబ్బీతో సహా నా చేతిలో పెట్టింది. పదిహేడు నుంచి ఆమెకు మళ్లీ మొదలు. ఆమె దగ్గర ఉన్నవి ఆ అయిదే.

తీసుకున్నాను.

కాఫీ ఇచ్చింది. తాగలేదు. తాగకపోవడం పౌరుషం అనుకున్నాను కాబోలు.

నవంబరు 10

మత్తూరు సంగతి నిన్న రాత్రి అక్కకు చెప్పేశాను. ఈరోజంతా నా ఫోను ఎత్తలేదు. సాయంత్రం తనే ఫోను చేసి ఒక్కసారే అంది. “బదులిచ్చినది వాళ్లు తెచ్చిస్తే తీసుకొంటారు. ఇంటికి పోయి గుంజుకొస్తారా ఎవరన్నా? మన ఇంట్లో యాడ నేర్చుకొన్నావు ఇది?”

అయిదు మాత్రలు అక్కకు ఒక రోజుకు కూడా చాలవు. అందుకోసం అంత దూరం పోయి అంత నీచం చేశాను.

నవంబరు 12, బుధవారం

రెండో పీరియడ్‌లో ఫోను. కాంతమ్మ.

“టీచరమ్మా, మా అల్లుడు కావేరిపట్టణంలో ఒక షాపులో చెప్పిపెట్టి ఉండాడు. రెండు డబ్బీలు వచ్చినాయంట. మధ్యాన్నం లోపల పోవాల, లేకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అల్లుడు డ్యూటీలో ఉండాడు, నాకు జ్వరం. మీరు పోయి రెండూ తెచ్చేస్తారా? ఒగటి మీ అక్కకి, ఒగటి నాకు. నాది ఆదివారం వచ్చి తీసుకొంటాను. దుడ్డు ఆ పొద్దే ఇస్తాను. మీ అక్క బదులు మాత్రం ఆస్పత్రిది వచ్చినాక తీరుస్తానమ్మా.”

హెడ్మాస్టరు ముఖం చిట్లించాడు. చిట్లించుకోనీ. వెళ్లాను.

ఉన్నాయి! రెండు. సీలు సరిగ్గా, తేదీ సరిగ్గా. సరైన ధరే. షాపాయన పుస్తకంలో రెండు పేర్లూ రాసుకుని, “జాగ్రత్తమ్మా, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు” అన్నాడు. బస్సులో సంచీ ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

నవంబరు 13

మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు... ఆ మాటే నమిలి నమిలి.

ఆరు వారాలకు అక్కకు మళ్లీ కావాలి. అప్పుడు ఎక్కడ తేను? ఈ ఏడు షాపుల ముందు మళ్లీ నిలబడనా, విభూతివాడికి గాజులు తీసి ఇవ్వనా?

ఒక మాట. కాంతమ్మ మాకు ఒక డబ్బీ బాకీ. ఆ బాకీ ఇలా తీరిందనుకుంటే రెండో డబ్బీ కూడా అక్కదే. ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఎవరినీ అడగలేదు.

నవంబరు 14, శుక్రవారం

పరగడుపున అక్క మొదటి రోజు మాత్రలు మింగింది. దగ్గరుండి మింగించాను. దేవుడికి దండం పెట్టుకుని, నీళ్లు తాగి, అడిగిన మొదటి మాట —

“కాంతమ్మకి దొరికిందా?”

“దొరికింది” అన్నాను.

అబద్ధం కాదు. దొరికింది. మా ఇంట్లో, నా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనక ఉంది. మొదట ఫ్రిజ్ తలుపులోనే పెట్టాను. నిన్న తీసి వెనక్కి పెట్టాను. ఎందుకని నన్ను నేను అడగలేదు.

నవంబరు 15

పిల్లల నోట్సులు దిద్దాను. నలభై రెండు. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

బస్టాండు షాపువాణ్ని, విభూతివాణ్ని ఎంత తిట్టానో వెనక్కి తిప్పి చదువుకున్నాను. వాళ్లకు కనీసం అమ్మే ఉద్దేశం ఉంది.

నవంబరు 16, ఆదివారం

పదకొండు గంటలకు ఫోను.

“టీచరమ్మా, దిగినాను. హోసూరు బస్టాండులో ఉండాను. జ్వరం తగ్గింది. మీ ఇల్లు యాడ వస్తాది? ఆటోకి ఏమని చెప్పేది?”

వెనక కండక్టర్ల కేకలు. ఆమె దగ్గు.

“ఆడనే ఉండమ్మా” అన్నాను. మా అక్క గొంతులా వచ్చింది ఆ మాట. వస్తాననలేదు. ఇంటి గుర్తులు చెప్పలేదు. ఆమె “సరేనమ్మా, నీడలో కూర్చోనుంటాను” అని పెట్టేసింది.

స్కూటరు తాళం బల్ల మీద ఉంది. డబ్బీ తీసి దాని పక్కన పెట్టాను. చల్లగా ఉండాలి, బయట ఉంచకూడదు. మళ్లీ లోపల పెట్టాను.

బస్టాండుకు ఇక్కణ్నుంచి పది నిమిషాలు. ఇప్పుడు పన్నెండున్నర. కూర్చుని ఇది రాస్తున్నాను.