మెడలో కనిపించిన నక్షత్రాలు

మస్తానన్నకు, వదినకు చెల్లెలు మౌలమ్మ సలాములు. మేమిద్దరం బాగానే ఉన్నాం. వదిన మోకాళ్ల నొప్పులు తగ్గాయా? అమ్మ వేళకు మందులు వేసుకుంటోందా? ఫోన్ చేయలేదని తిట్టుకోకు. సినిమా సంగతులు బయటికి పొక్కుతాయని గేటు దగ్గరే ఫోన్లు లాక్కుంటున్నారు. అందుకే కుట్టుమిషన్ పక్కన కూర్చుని కాగితం మీద రాస్తున్నాను.

ఈ సినిమాలో హీరో చంద్రుడి మీద నడుస్తాడు. ఆ డ్రెస్సులు కుట్టేది నేనే. చూస్తే నవ్వుతావు, అచ్చం మన పరుపుల పనే! లోపల దూది, మధ్య మధ్య కుట్లు, పైన తెల్లగుడ్డ. ఛాతీ మీద మీటలు డబ్బా మూతలు, గొట్టాలు పాత వాషింగ్ మిషన్‌వి. ఈ హైదరాబాద్ ఎండకు అందులో మనిషి ఉడికిపోతాడు. హీరో ముఖం చూపించేటప్పుడే వేసుకుంటాడు. హీరో బదులు తాళ్లకు వేలాడేది మాత్రం మా ఆయన దస్తగిరి.

పోయినసారి తాడు జారి ఆయన భుజం విరిగినప్పుడు దవాఖానలో నువ్వే ఉన్నావు కదా. మళ్లీ పైకి ఎక్కనని అమ్మ ముందు ఒట్టు కూడా వేశాడు. ఏం ఒట్టో ఏమో! నా మాట ఎప్పుడు విన్నాడు గనక?

పసిపిల్లలకు కీడు తగలకుండా బొంతల్లో బాపు దర్గా చాదర్ ముక్క పెట్టి కుట్టేవాడు, గుర్తుందా? ఉర్సు పండగకు నువ్విచ్చిన పచ్చ ముక్కను నేనూ అలాగే ఆయన డ్రెస్సు మెడపట్టీ లోపల కుట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ గోడంత ఆకుపచ్చ తెర కడతారు. ఆ రంగు ఎక్కడుంటే అక్కడ కంప్యూటర్ ఆకాశాన్ని పెడుతుంది. ఆ సంగతి తెలిసి కూడా, లోపలిది ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను.

ఇవాళ పొద్దున ఆయనను తలకిందులుగా వేలాడదీశారు. మెడపట్టీ తిరగబడింది. డైరెక్టర్ ముందున్న టీవీలో చూస్తే ఆయన మెడ ఉండాల్సిన చోట నక్షత్రాలు! తల ఒకచోట, మొండెం ఒకచోట. అది బొమ్మేనని తెలిసినా తాళ్ల దగ్గరికి పరుగెత్తాను అన్నా.

ఆయనను కిందికి దింపారు. డ్రెస్సుల పని చూసే యాదగిరన్నది హాలియా అనే ఊరు. మంచివాడే, కోపం వస్తే మాత్రం ఆగడు.

"గీ పచ్చగుడ్డ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన," అన్నాను.

"దిమాక్ ఉన్నదా నీకు? కత్తెర తే!"

"అది దర్గా చాదర్. తీస్తే నేను పైకి పోనన్నా," అన్నాడు మా ఆయన.

"పోకుంటే మానె. వేరేటోడు పోతడు. ఇద్దరు బయటికి నడువుండ్రి."

నిజం చెబుతున్నా, ఒక్క క్షణం సంబరపడ్డాను. పోతే పోయింది పని, మనిషి మిగులుతాడు. కానీ ఆయన ముఖం చూస్తే, పోదాం పదమని అనలేకపోయాను.

"జర ఆగన్నా. పచ్చ కనబడకుంటే సరేనా?" అన్నాను.

"కనబడకుంటే నాకేంది? జల్ది చెయ్యి."

ఛాతీ దగ్గర కుట్లు విప్పి, ఆ ముక్కను దూది అడుగున పెట్టి మళ్లీ కుట్టాను. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆయన పక్కనే కూర్చున్నాడు.

"పోకు," అన్నాను.

"గీ ఒక్కసారి మౌలా. భయమైతాంది గానీ, పోత."

ఇప్పుడు ఆయనను పైకి లాగుతున్నారు. చూడలేక ఇటు తిరిగి కూర్చుని రాస్తున్నాను. తాడు చక్రం చప్పుడు వినిపిస్తోంది. వదినను కారప్పొడి పంపమను, ఇక్కడి కూరలు చప్పిడి. చక్రం ఆగింది. ఎవరూ మాట్లాడడం లేదు అన్నా. ఎందుకు మాట్లాడరు?

దింపారు. చెమటతో తడిసి ముద్దై నా దగ్గరికే వచ్చాడు.

"ఏం రాస్తున్నవ్?"

"అన్నకు."

"మంచిగున్న అని రాయి."

రాశాను. ఆ మాట సిరా ఆరకముందే మైకులో "ఇంకోసారి" అన్నారు. ఆయన మళ్లీ హెల్మెట్ తీసుకున్నాడు.

అమ్మను దువా చేయమను. ఎందుకని అడిగితే మాత్రం చెప్పకు. పెద్దలందరికీ నా సలాములు, పిల్లలకు ముద్దులు. చక్రం మళ్లీ తిరుగుతోంది. ఇక ఆపుతాను అన్నా, ఈసారి చూస్తాను.

మీ చెల్లెలు
మౌలమ్మ